అరకు గురించి నిర్ణయాలు తీసుకునేవారికి: మా గ్రామసభను అడగకుండా మా కొండ మీద గుర్తులు పెట్టకండి

అయ్యా, అమ్మా,

నమస్కారం. అరకులోయలో ఎక్కడ రిసార్టు రావాలి, ఎక్కడ వ్యూపాయింట్ కట్టాలి, ఏ గెడ్డ పక్కన పార్కింగ్ వేయాలి అని నిర్ణయించే అధికారులకూ, మా ఓట్లతో గెలిచిన ప్రజాప్రతినిధులకూ ఈ ఉత్తరం. మీలో మా కోసం నిజంగా కష్టపడినవాళ్లు ఉన్నారు, అది మర్చిపోయి రాయడం లేదు. కానీ ఒకే విషయం మీద ఏడాదిలో మూడుసార్లు అర్జీ పెట్టాం. మూడు రసీదులూ మా ఇంట్లో రేషన్ కార్డుతో పాటు ఒకే కవర్లో ఉన్నాయి. ఒక్కదానికీ జవాబు రాలేదు. అది ఏ ఆఫీసు, అక్కడ కూర్చున్నది ఎవరు అన్నది ఇక్కడ రాయను. ఒక మనిషి బదిలీ అయితే తీరిపోయే సమస్యే అయితే ఇలా అందరి ముందూ రాయాల్సిన పని ఉండేది కాదు.

జరిగింది ఇది. పోయిన వలిసెపూల కాలంలో ఒకరోజు పొద్దున్నే నలుగురు మనుషులు టేపు, ఎర్ర రంగు డబ్బా పట్టుకుని మా ఊరి పైనున్న గట్టు ఎక్కారు. మా ఊట పుట్టే చోటికి కాస్త పైన రాళ్ల మీద ఎర్రగా గుర్తులు పెట్టారు. పశువులను తోలుకెళ్తున్న మా పిన్ని "ఏం బాబూ, ఎందుకీ గుర్తులు?" అని అడిగితే "టూరిజం అమ్మా, మీ ఊరు బాగుపడుతుంది" అన్నారట. అంతే. నోటీసు లేదు, దండోరా లేదు. సర్పంచ్‌కి ఫోన్ చేస్తే తనకూ తెలియదన్నారు. ఒక వానాకాలం మొత్తం గడిచినా ఆ రంగు పూర్తిగా పోలేదు, ఇప్పటికీ దూరం నుంచే కనిపిస్తుంది.

అప్పటి నుంచి ఊళ్లో రోజుకో మాట. కాటేజీలు వస్తాయంటారు ఒకరు, గాజు వంతెన అంటారు ఇంకొకరు, కంచె వేసి మొత్తం కొండే మూసేస్తారని మరొకరు. కుర్రాళ్లలో కొందరు ఉద్యోగాలు వస్తాయని ఆశగా ఉన్నారు. ముసలివాళ్లు పోడు పోతుందని టెన్షన్ పడుతున్నారు. ఒకే ఇంట్లో తండ్రీ కొడుకూ దీని మీద మాటలు మానేశారు. నిజం ఏమిటో తెలిస్తే ఒప్పుకునేవాళ్లు ఒప్పుకుంటారు, వద్దనేవాళ్లు వద్దంటారు, కనీసం తెలిసి గొడవపడతాం. ఏమీ చెప్పకుండా వదిలేయడం వల్ల ఊరు లోపల్నుంచి విడిపోతోంది, ముందుగా మీరు గమనించాల్సింది ఇదే అని నాకనిపిస్తుంది.

టూరిస్టులు రావద్దని మేం ఎప్పుడూ అనలేదు. నేను డిగ్రీ చదివి సీజన్‌లో గైడ్‌గా పనిచేస్తాను, మా అన్న జీపు నడుపుతాడు, మా వదిన రోడ్డు పక్కన మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్ముతుంది. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి వరకూ వచ్చే ఆ డబ్బుతోనే పిల్లల ఫీజులు, వేసవిలో బియ్యం. అరకు పేరు బయటివాళ్లకు తెలియడం మాకూ గర్వమే. 2019లో అరకు అరబికా కాఫీకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతపు ప్రత్యేక పంట అన్న అధికారిక ముద్ర, వచ్చినప్పుడు కాఫీ తోటలున్న ఇళ్లలో ఎంత సంతోషపడ్డామో మాకు తెలుసు. కాబట్టి మమ్మల్ని "అభివృద్ధికి అడ్డం పడేవాళ్లు" అని పక్కన పెట్టేయకుండా కింద రాసినవి ఒక్కసారి పూర్తిగా చదవండి.

1. మమ్మల్ని అడగాలని చట్టంలోనే ఉంది.

మాది గిరిజన ప్రాంతాల రక్షణ కోసం పెట్టిన రాజ్యాంగం అయిదో షెడ్యూల్ కింద ఉన్న ప్రాంతం. పంచాయతీ పాలనను ఇలాంటి షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరిస్తూ 1996లో పార్లమెంటు చేసిన పెసా చట్టం ప్రకారం ఇక్కడ అభివృద్ధి పథకాలకూ ప్రాజెక్టులకూ పని మొదలుపెట్టే ముందే గ్రామసభ ఆమోదం ఉండాలి, భూసేకరణకు ముందు గ్రామసభనో తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలి. ఆ చట్టానికి మన రాష్ట్రంలో 2011లో నియమాలు కూడా వచ్చాయి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం తన హద్దుల్లోని అడవినీ, నీటి వనరులనూ కాపాడుకునే అధికారం కూడా గ్రామసభకు ఉంది. ఇవన్నీ మీకు తెలియనివి కావు, మాకు కూడా మీ శిక్షణ తరగతుల్లోనే చెప్పారు.

కానీ గ్రామసభ జరిగే తీరు చూడండి. రిజిస్టర్‌లో సంతకాలు ముందు, మాట తర్వాత. ఒక్కోసారి అసలు ఎజెండా ఏమిటో చదవకుండానే "అందరూ ఒప్పుకున్నట్టే కదా" అని లేచిపోతారు. మా నాయనమ్మకు తెలుగు పూర్తిగా రాదు, ఆమెది కువీ. గ్రామసభలో ఆమెకు అర్థమయ్యే మాట ఒక్కటీ వినపడదు, వేలిముద్ర మాత్రం పడుతుంది. కోదు, కొండదొర, భగత, వాల్మీకి, పోర్జా, గదబ, కొటియా, ఇన్ని తెగలున్న లోయలో ఒకే భాషలో, అదీ ఆఫీసు తెలుగులో చదివి సంతకాలు తీసుకోవడాన్ని అడగడం అంటామా?

2. భూమి చేతులు మారుతోంది, కాగితం మీద మాత్రం మారడం లేదు.

1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించారు. మేం 1/70 అనేది దాన్నే. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల పేరుకు మారడానికి వీల్లేదని, గిరిజనేతరుల చేతిలో ఉన్న భూమిని కూడా వేరేగా రుజువయ్యేవరకూ గిరిజనుల నుంచి వచ్చినదిగానే చూడాలని అందులో ఉంది. టూరిజం కోసం దీన్ని సడలించాలన్న మాట పైనుంచి వినిపించినప్పుడు 2025 ఫిబ్రవరిలో ఏజెన్సీ అంతా 48 గంటల బంద్ చేసింది. చట్టం జోలికి వెళ్లబోమని ప్రభుత్వం చెప్పింది. ఆ మాట చెప్పినందుకు కృతజ్ఞులం. అయితే చట్టాన్ని ముట్టుకోకుండానే భూమిని ముట్టుకునే దారులు ఉన్నాయి, మీకూ తెలుసు.

మా బంధువుల్లో ఒకాయన సంగతి చెప్తాను. రోడ్డుకు దగ్గరగా ఆయనకు ఎకరంలోపు మెట్ట ఉంది. కొన్నేళ్ల క్రితం నగరం నుంచి వచ్చిన ఒకరు స్టాంపు పేపరు మీద వేలిముద్ర వేయించుకుని కొంత డబ్బు ఇచ్చారు, కూతురి పెళ్లి అయింది. పట్టా ఇప్పటికీ ఈయన పేరు మీదే. కరెంటు మీటరూ ఈయన పేరు మీదే. లోపల మాత్రం గదులు లేచాయి. ఈయన ఇప్పుడు అదే భూమిలో వాచ్‌మన్. యూనిఫాం వేసుకుని గేటు తీస్తాడు, కార్లకు సెల్యూట్ చేస్తాడు. ఆ స్థలం చివర ఆయన చిన్నప్పుడు తండ్రితో కలిసి నాటిన పనస చెట్టు ఉంది. పోయిన వేసవిలో దాని కాయ ఒకటి కోసుకోవాలంటే మేనేజర్‌ని అడిగి, ఆయన ఫోన్‌లో ఓనర్‌ని అడిగి, ఒప్పుకున్నాక కోసి తెచ్చి మా ఇంటికి సగం పంపించాడు. ఆ తొనలు తింటున్నంతసేపూ మా అమ్మ ఏడ్చింది.

తప్పు మావాళ్లలో కూడా ఉంది. డబ్బు కోసం పేరు ఇచ్చేవాళ్లు, మధ్యలో నిలబడి కమీషన్ తీసుకునేవాళ్లు మా ఊళ్లలోనే ఉన్నారు, వాళ్లలో కొందరు మీ మీటింగుల్లో ముందు వరుసలో కూర్చుంటారు. కానీ కూతురి పెళ్లికో, ఆసుపత్రికో అప్పు దొరకని మనిషి వేలిముద్ర వేసినదానికీ, అది బినామీ అని తెలిసి కూడా అనుమతులు ఇచ్చినదానికీ తేడా చూడాలి. కరెంటు, నీళ్లు, లైసెన్సు ఇచ్చేటప్పుడు అసలు నడుపుతున్నది ఎవరో ఒక్క ప్రశ్న అడిగితే సగం బయటపడుతుంది.

3. నీళ్లు.

దీని గురించే నేను ఎక్కువ రాయాలనుకున్నాను. మా ఊరికి బోరు లేదు. గట్టు మీద రెండు పెద్ద రాళ్ల సందులోంచి ఊట వస్తుంది, పైపు వేసి దాన్ని కిందికి దించి ఒక సిమెంటు తొట్టిలోకి పడేలా చేశారు, ఇలాంటి గ్రావిటీ పథకాలే మాలాంటి చాలా ఊళ్లకు ఆధారం. వానాకాలంలో ఆ తొట్టి పొంగిపోతుంది. మార్చి దాటాక ధార చిటికెన వేలంత అవుతుంది, ఏప్రిల్ చివరికి దారంలా అవుతుంది. అప్పుడు బిందెలు వరుసలో పెట్టి, ఎవరిది ఎప్పుడు నిండుతుందో లెక్క వేసుకుని, రాత్రి రెండింటికి లేచి వెళ్తారు ఆడవాళ్లు. మా వదిన చంటిపిల్లను వీపున కట్టుకుని ఆ గట్టు దగ్గర కూర్చుని నిద్రపోవడం నేను చూశాను.

మాకు కిందిగా ఉన్న ఇంకో ఊటకు ఏం జరిగిందో చూశాక మా భయం పెరిగింది. దాని పక్కన టెంట్లు వేసినవాళ్లు ఒక రాత్రి నల్ల పైపు దించారు. మొదట ఒకటే, తర్వాత రెండు. ఆ ఊట మీద ఆధారపడిన ఇళ్లవాళ్లు అడిగితే "మేం వాడేది కొంచెమే" అన్నారు. నలభై మంది స్నానం చేసి, గుడ్డలు ఉతికి, మర్నాడు మరో నలభై మంది వస్తే అది కొంచెం ఎలా అవుతుంది? సీజన్ చలికాలంలోనే కదా, వేసవిలో ఇబ్బంది ఉండదు అంటారు. చలికాలంలో పైనుంచి లాగేసింది, చెట్లు కొట్టి నేల చదును చేసింది వేసవిలోనే తెలుస్తుంది. 2018 వేసవిలో సిమ్లాలో నీళ్లు లేక టూరిస్టులను రావద్దని స్థానికులే వేడుకున్నారు. అంత పెద్ద ఊరికే ఆ గతి పట్టినప్పుడు చిటికెన వేలంత ధార మీద బతికే ఊరి పైన కాటేజీలు కట్టొచ్చో లేదో ముందు లెక్క చూడండి. మా ఊట మీద ఎర్ర గుర్తులు పెట్టినవాళ్లలో ఒక్కరైనా ఆ తొట్టి దగ్గరికి దిగి, వేసవిలో నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తాయని అడగలేదు.

4. చెత్త, గాజు పెంకులు.

ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు చాలావాటిని 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించారు. హోటళ్లు తమ చెత్తను తామే వేరు చేసి ఇవ్వాలని 2016 నాటి చెత్త నిర్వహణ నిబంధనల్లోనే చెప్పారు. ఆదివారం సాయంత్రం ఏ వ్యూపాయింట్ దగ్గర నిలబడినా ఆ నిబంధన ఎంత అమలవుతోందో కనిపిస్తుంది. ప్లేట్లు, గ్లాసులు గాలికి చేలల్లోకి వస్తాయి, పశువులు తింటాయి. అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది సీసాలు. పోయిన ఏడు దుక్కి దున్నుతుంటే మా నాన్న కాలికి సీసా పెంకు దిగింది. నాలుగు కుట్లు పడ్డాయి, నాట్ల సమయంలో పది రోజులు మంచంలో ఉన్నాడు. ఎవరో రాత్రి రోడ్డు మీంచి సరదాగా విసిరిన సీసా అది. ఆ చెత్త ఏరేది కూడా మా ఆడవాళ్లే, చేతికి గ్లౌజులు కూడా లేకుండా.

5. రోడ్డు.

డిసెంబర్ చివరి వారం, సంక్రాంతి సెలవులు వచ్చాయంటే ఘాట్ రోడ్డు మీద కార్లు కదలవు. టూరిస్టుకు అది మూడు గంటలు వృథా. కొండపైన రోడ్డు లేని ఊళ్ల నుంచి గర్భిణిని డోలీ కట్టి మోసుకుంటూ మెయిన్ రోడ్డు దాకా తెచ్చినవాళ్లకు అది వేరే. అక్కడ 108 దొరికాక, ఆ 108 కార్ల మధ్య ఇరుక్కుంటే ఏం చేయాలి? భుజాలు కాయలు కాసేలా మోసుకొచ్చి తారు రోడ్డు మీద నిలబడి ఎదురుచూడాలి. వ్యూపాయింట్‌కి రెండు వైపులా రోడ్డు కావాలన్న ప్రతిపాదన కాగితాల మీద వేగంగా కదులుతుంది, డోలీ మోసే ఊళ్లకు రోడ్డు మాత్రం అటవీ అనుమతి దగ్గర ఏళ్ల తరబడి ఆగుతుంది. ఏది ముందు అని మేం అడిగితే కోపం తెచ్చుకోకండి.

వాహనాలను లెక్క ప్రకారం పంపడం సాధ్యం కాదని కూడా అనకండి. మద్రాస్ హైకోర్టు ఆదేశాలతో 2024 మే 7 నుంచి ఊటీకీ కొడైకెనాల్‌కీ ఈ-పాస్ పెట్టారు. 2025 ఏప్రిల్ నుంచి నీలగిరులకు మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 వాహనాలనే అనుమతించేలా పరిమితి కూడా వచ్చింది. అక్కడివాళ్లకు కుదిరింది. ఇక్కడ కనీసం ఎన్ని వస్తున్నాయో లెక్కపెట్టడమైనా మొదలుపెట్టాలి కదా.

6. పని ఎవరికి, ఆదాయం ఎవరికి.

ఈ లోయ మీదుగా ఎప్పటి నుంచో సంపద ప్రయాణిస్తోంది. 1960లలో ఈ కొండలను తొలిచి కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం వేసింది బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు తీసుకెళ్లడానికి. 2017లో అదే పట్టాల మీద అద్దాల బోగీ వచ్చింది, కొండలు చూడటానికి జనం వస్తున్నారు. ఖనిజం మా పక్కనుంచి వెళ్లిపోయింది, టూరిస్టు కనీసం ఆగుతున్నాడు. ఆగినచోట మాకు దొరుకుతున్న పని ఏది? గది తుడవడం, గేటు కాయడం, రాత్రి మంట చుట్టూ థింసా ఆడటం. రిసెప్షన్‌లో, లెక్కల దగ్గర, వంటగదిని నడిపించే చోట మావాళ్లు కనిపించరు. డిగ్రీలు చదివినవాళ్లు మా ఊళ్లలో ఉన్నారు, నేర్పితే నేర్చుకుంటారు.

థింసా గురించి ఒక మాట. అది మా పెళ్లిళ్లలో, పండుగల్లో ఒకరి నడుము ఒకరు పట్టుకుని తెల్లవార్లూ ఆడే ఆట. అడిగి, గౌరవంగా పిలిచి, సరైన కూలి ఇస్తే ఆడి చూపించడానికి మా ఆడవాళ్లకు అభ్యంతరం లేదు. తాగి మధ్యలోకి దూరి వీడియోలు తీసేవాళ్లను ఆపే బాధ్యత మాత్రం పిలిచినవాళ్లది. అలాగే వలిసె చేలు. మా పిన్ని చేనులో మనిషికి పదో ఇరవయ్యో తీసుకుని ఫొటోలకు రానిస్తోంది, ఎందుకంటే అడగకపోయినా దిగుతారు. అవి పూల తోటలు అనుకుంటారు చాలామంది. అది నూనెగింజ పంట. కాడ విరిగితే గింజ పట్టదు. ఫొటో కోసం చేను మధ్యలోకి వెళ్లి పడుకున్నచోట మనిషంత మేర నేలకు అంటుకుపోయిన కాడలను మా పిన్ని సాయంత్రం ఒక్కొక్కటే నిలబెట్టడానికి చూస్తుంది, అవి నిలబడవు. డబ్బు వసూలుకు ఆమె పదేళ్ల కొడుకును గట్టు మీద కూర్చోబెడుతుంది, ఆ నెల రోజులు వాడు సరిగా బడికి పోడు.

ఆదాయం సంగతికి వస్తే, మా పక్క అనంతగిరి మండలంలోని గనుల లీజుల మీద గిరిజనుల హక్కుల కోసం పనిచేసే సమత సంస్థ వేసిన కేసులో 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఏజెన్సీలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకూ ప్రైవేటు కంపెనీలకూ లీజుకు ఇవ్వకూడదని అందులో ఉంది. నికర లాభంలో కనీసం 20 శాతం నీటి వసతికి, బడులకు, ఆసుపత్రులకు, పారిశుధ్యానికి, రోడ్లకు శాశ్వత నిధిగా పక్కన పెట్టాలని కూడా ఉంది. ఆ మాట గనుల కేసులో చెప్పారు. కొండను తవ్వినా, కొండను చూపించినా వచ్చే డబ్బు ఆ కొండదే కదా, అదే న్యాయం పర్యాటకానికీ వర్తింపజేయమని అడుగుతున్నాం. టికెట్లు అమ్మే ప్రతి చోటా ఏడాదికి ఎంత వచ్చింది, అందులో ఆ పంచాయతీకి ఎంత ఇచ్చారు అన్నది బోర్డు మీద రాసి పెడితే చాలు, సగం అనుమానాలు తీరతాయి.

ఇప్పుడు మేం అడుగుతున్నవి.

1. మా ఊరి గట్టు మీద పెట్టిన గుర్తులు ఏ ప్రాజెక్టువో, ఎన్ని ఎకరాలో, ఎవరికి ఇస్తారో రాతపూర్వకంగా 30 రోజుల్లో చెప్పండి. ఏమీ లేకపోతే లేదని రాసివ్వండి, ఆ కాగితంతో ఊరు నిద్రపోతుంది.

2. గ్రామసభ తీర్మానం లేకుండా అరకులోయలో ఏ కొత్త పర్యాటక నిర్మాణానికీ అనుమతి ఇవ్వకండి. ఆ గ్రామసభకు కనీసం 15 రోజుల ముందు నోటీసు, దండోరా ఉండాలి. మ్యాపు గోడకు అంటించాలి. కువీ, ఆదివాసీ ఒడియా లాంటి భాషల్లో చెప్పేవాళ్లను పెట్టాలి. మాట అయ్యాకే సంతకాలు.

3. ఇప్పటికే నడుస్తున్న రిసార్టులు, టెంట్లు, హోమ్‌స్టేలలో భూమి ఎవరిది, నడిపేది ఎవరు, డబ్బు ఎవరి ఖాతాలోకి వెళ్తోంది అన్న మూడు వరుసల జాబితా తయారు చేసి గ్రామసభల ముందు పెట్టండి. బినామీ అని తేలితే 1/70 ప్రకారం చర్య తీసుకోండి. అప్పుల కోసం వేలిముద్రలు వేసిన మావాళ్లను శిక్షించకుండా భూమి తిరిగి ఇప్పించండి. అసలు అప్పు కోసం భూమిని తాకట్టు పెట్టే గతి రాకుండా జీసీసీ (గిరిజన సహకార సంస్థ) ద్వారానో, మహిళా సంఘాల ద్వారానో తక్కువ వడ్డీకి ఆపద అప్పులు ఇప్పించే ఏర్పాటు చేయండి. నా దృష్టిలో ఇది లేకుండా మిగతావి ఎన్ని చేసినా భూమి ఆగదు.

4. ప్రతి ఊటకూ వేసవి ధారను కొలిచి, దాని చుట్టూ కట్టడాలు, పైపులు లేకుండా హద్దు పెట్టండి. కొలిచేటప్పుడు నీళ్లు మోసే ఆడవాళ్లను వెంట తీసుకెళ్లండి. ఏ నెలలో ఎంత వస్తుందో వాళ్లకు మీ మీటరు కంటే బాగా తెలుసు.

5. ఈ సీజన్ నుంచే వాహనాల లెక్క మొదలుపెట్టండి. రద్దీ రోజుల్లో అంబులెన్సుకు ఒక వరుస ఖాళీగా ఉంచేలా ఘాట్ రోడ్డు మీద మనుషులను పెట్టండి. వ్యూపాయింట్ రోడ్లకంటే ముందు డోలీ మోసే ఊళ్ల రోడ్లకు అనుమతులు తెప్పించండి.

6. సీసాలు, ప్లాస్టిక్ మీద చెక్‌పోస్టుల దగ్గరే తనిఖీ, తీసుకెళ్లిన సీసా తిరిగి తెస్తేనే వెనక్కి ఇచ్చే డిపాజిట్ పెట్టండి. చెత్త ఏరే ఆడవాళ్లకు గ్లౌజులు, జీతం పంచాయతీ ద్వారా నెలనెలా అందాలి.

7. పర్యాటక ఆదాయంలో 20 శాతం స్థానిక పంచాయతీలకు. ఉద్యోగాల్లో ముందు స్థానిక గిరిజన యువతకు, మేనేజర్ స్థాయి వరకూ శిక్షణతో సహా.

వీటిలో డబ్బు ఎక్కువ ఖర్చయ్యేవి రెండు మూడు మాత్రమే ఉంటాయి. మిగతావాటికి కావాల్సింది ఆఫీసు నుంచి బయల్దేరి మా దగ్గరికి రావడం. 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చినప్పుడు పాలన దగ్గరైందని సంతోషపడ్డాం. విశాఖ దాకా పోయే బస్సు చార్జీ మిగిలింది, నిజమే. జవాబు కూడా దగ్గరవ్వాలి కదా.

ఇదే లోయలో ఓట్లు అడిగి గెలిచిన నాయకులకు విడిగా ఒక విన్నపం. అరకు ఎంపీ సీటూ, ఎమ్మెల్యే సీటూ గిరిజనులకే రిజర్వు చేశారంటే మా మాట మా మనిషే పైన చెప్పాలని. ఏ పార్టీ అన్నది మాకు ముఖ్యం కాదు. పర్యాటక ప్రాజెక్టుల మీద సమావేశం జరిగిన ప్రతిసారీ అందులో మీరు ఏం మాట్లాడారో, మా గ్రామసభల తీర్మానాలను బల్ల మీద పెట్టారో లేదో ఊరికి వచ్చి చెప్పండి. ప్రారంభోత్సవాల ఫొటోలు మాకు ఫోన్లలో వస్తూనే ఉన్నాయి, శంకుస్థాపనకు ముందు జరిగిన మాటలే మాకు అందడం లేదు.

జర్నలిస్టులకూ, అరకు చూడటానికి వచ్చేవాళ్లకూ కూడా. రండి, తప్పకుండా రండి. దిగే ముందు ఆ హోమ్‌స్టే ఎవరిదో అడగండి. చేలోకి వెళ్లే ముందు గట్టు మీద మనిషిని అడగండి. మీరు అడగడం మొదలుపెడితే మమ్మల్ని అడగాల్సినవాళ్లు కూడా అడుగుతారని మా ఆశ.

వచ్చే నెల వలిసె పూస్తుంది. ఈలోపే మా ఊళ్లో గ్రామసభ పెట్టుకుంటున్నాం, తేదీ రాసి నాలుగో అర్జీతో పాటు పంపిస్తున్నాం. ఊరి మధ్య చింతచెట్టు కింద కూర్చుంటాం. మధ్యాహ్నం మూడు తర్వాత రండి, అప్పటికి పొలం నుంచి ఆడవాళ్లు వస్తారు. మ్యాపు పట్టుకురండి. ముందుగా ఊట దగ్గరికి తీసుకెళ్లి ఆ గుర్తులు చూపిస్తాం, తర్వాత కూర్చుని మాట్లాడదాం.

ఇట్లు,
అరకులోయ గిరిజన గ్రామం నుంచి ఒక గైడ్, ఊరివాళ్ల తరఫున